ఆసుపత్రి గడప దాటిన రోగిని గూర్చి
వైద్య ఆరోగ్య శాఖామాత్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వైద్య ఆరోగ్య శాఖామాత్యులకు,



మోకాలి లిగమెంటు తెగి శస్త్రచికిత్స చేయించుకొన్న యువకుని గూర్చియు, రక్తపోటుకై నిత్యము బిళ్ళ వేసికొనవలసిన వృద్ధురాలిని గూర్చియు ఒక్క లేఖలోనే విన్నవించుట చూచి, ఈ రెంటికిని పొత్తేమని తమకు తోపవచ్చును. ఒకటి ఎముకల వైద్యుని చేతిమీదుగా ఒక పూటలో ముగియు పని. రెండవది ప్రాణమున్నంతవరకు సాగవలసిన ఔషధసేవనము. అయినను, ఈ రెండు చికిత్సలును ఫలించుటయో విఫలమగుటయో తేలునది ఆసుపత్రిలో గాక, రోగి ఆసుపత్రి గడప దాటి ఇల్లు చేరిన పిమ్మట, నెలల తరబడి, ఏండ్ల తరబడి, ఎవరును చూడని వేళల యందు. మన ప్రభుత్వములు గడపకు లోపల జరిగినదానికి సొమ్ము చెల్లించుచున్నవి, ఇన్ని శస్త్రచికిత్సలు చేయించితిమనియు, ఇంతమందికి బీపీ పరీక్షలు జరిపితిమనియు లెక్కలు ప్రకటించుచున్నవి. గడపకు వెలుపల జరుగవలసినదానికి సొమ్మును స్వల్పము, లెక్కయు అరుదు. ఈ లోపమును తమ దృష్టికి తెచ్చుటకే ఈ లేఖ.

ముందుగా మోకాలి మాట. తొడయెముకకును దాని క్రింది కాలియెముకకును నడుమ, కీలు లోపల, రెండు లిగమెంటులు కత్తెరవలె ఒకదాని కొకటి అడ్డముగా సాగియుండును. వానిలో ముందరిదానిని వైద్యులు ఏసీఎల్ అందురు. క్రింది యెముక ముందునకు జారకుండను, మనిషి చటుక్కున మళ్ళునపుడు మోకాలు మెలిక పడకుండను కాపాడునది అదియే. కబడ్డీ బరిలో కూతకు పోయినవాడు కాలు నాటి గిరుక్కున తిరుగునపుడును, ఇసుక మీద బండి ఒరిగి కాలు నేల కానించినపుడును అది తెగును. తెగినపుడు టప్పుమన్న చప్పుడు తమకే వినబడినదని చెప్పువారు పెక్కుమంది. కొన్ని గంటలలో మోకాలు వాచును. వాపు తీసిన పిమ్మట నడక కుదుటపడినట్లే యుండి, మెట్లు దిగునపుడో, పొలము గట్టున పోవునపుడో, కాలు తన స్వాధీనమున లేనట్లు ఒక్కసారిగా మడత పడును. అప్పుడు తొడ వెనుకనున్న కండరముల స్నాయువునో, మోకాలిచిప్ప క్రింది స్నాయువు నడిమి భాగమునో తీసి, రెండెముకలలోను సన్నని సొరంగములు తొలిచి, తెగినదాని స్థానమున దానిని బిగించుదురు. మన జిల్లా కేంద్రములలో సైతము నేడీ శస్త్రచికిత్స నేర్పుగా జరుగుచున్నది. చేయు వైద్యుల నైపుణ్యమును నేను శంకించుట లేదు.

అయితే అట్లు బిగించిన స్నాయువు, బిగించిననాడు ఎంత బలముగా నుండునో రెండు మూడు నెలల కంత బలముగా నుండదు. తన రక్తప్రసారమును కోల్పోయిన ఆ కణజాలము మొదట క్షీణించి, పిదప కొత్త రక్తనాళములు అల్లుకొనగా మెల్లమెల్లగా లిగమెంటు స్వభావమును పొందును. ఆ పరిణామము పూర్తి యగుటకు ఏడాదియో, అంతకు మించియో పట్టును. నొప్పి తగ్గి, ఊతకర్ర విడిచి, ఇక నాకు నయమైనదని రోగికి ధైర్యము కలుగు కాలమును, లోపలి కట్టు మిక్కిలి దుర్బలముగా నుండు కాలమును దాదాపుగా ఒక్కటే. ఆ సంగతి అతనికి విడమరచి చెప్పువారు ఎవరు? డిశ్చార్జి కాగితము మీద చివరి పంక్తిలో ‘ఫిజియోథెరపీ’ అని యొక మాట వ్రాసి యుండును. అది ఎక్కడ, ఎన్నాళ్ళు, ఎవరి కర్చుతో అన్న ప్రశ్నలకు ఆ కాగితములో జవాబుండదు.

మధ్య కోస్తాలోని ఒక పల్లెలో నాకు చిరపరిచితమైన కుటుంబ మొకటి కలదు. ఆ యింటి కుర్రవాడు మండల స్థాయి కబడ్డీ ఆటగాడు. ఏసీఎల్ తెగి, పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినాడు. ఆపరేషన్ అయిన మూడవ నెలలో పట్టణమునుండి వచ్చిన ఫిజియోథెరపిస్టు అతనిని బల్లపై పరుండబెట్టి, చుట్టగా చుట్టిన తువాలును మడమ క్రింద నుంచి, మోకాలిని బల్లకు ఆనించుమని చెప్పెను. కుర్రవాడు పండ్లు బిగించి అదిమినను మోకాలు ఆనలేదు. ఆమె తన నాలుగు వ్రేళ్ళను మోకాలి క్రింది సందున అవలీలగా దూర్చి చూపినది. తరువాత కొలత టేపుతో రెండు తొడలను కొలువగా, ఆపరేషన్ అయిన కాలి తొడ రెండవదానికంటె స్పష్టముగా సన్నగిల్లి యున్నది. మొదటి వారములలోనే మోకాలిని పూర్తిగా చాచుట అలవాటు చేయకున్న యెడల కీలు బిగిసిపోవు ననియు, తొడ ముందు కండరము నీరసించిన కాలు ఎంత మంచి శస్త్రచికిత్స జరిగినను నమ్మదగినది కాదనియు ఆమె చెప్పినప్పుడు, ఆ తల్లి, “ఆ మాట అప్పుడే చెప్పుంటే తీసుకెళ్ళేవాళ్ళం కదమ్మా” అన్నది. చెప్పలేదా, చెప్పినది చెవి కెక్కలేదా యన్నది నాకు తెలియదు. అయిదు నిమిషముల డిశ్చార్జి సంభాషణలో చెప్పినదానిని చెప్పినట్లుగా లెక్కించరాదని మాత్రము నా అభిప్రాయము.

ఈ శస్త్రచికిత్సకు ఆద్యులైనవారు ఇట్లు ప్రవర్తింపలేదు. ఇంగ్లండులోని లీడ్సు నగరమున మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుడు 1895లో ఒక గని కార్మికుని మోకాలిలో తెగిన లిగమెంటులను కుట్టెను. ఆయన ఆ సంగతిని లోకమునకు వెల్లడించినది 1903లో. నడిమి సంవత్సరములలో ఆ కార్మికుని కాలు ఎట్లున్నదో విచారించి, ఆ విషయమును గూడ చేర్చియే ప్రచురించెను. చేసిన పనిని గాక, దాని ఫలితమును నివేదించుట వైద్యుని ధర్మమని ఆయన తలంచెనని తోచును. ఆ ధర్మమును పాటించిన పరిశోధకులు తరువాతి కాలమున మనకు కొన్ని విలువైన అంకెలు ఇచ్చిరి. ఏడువేల అయిదువందలకు పైగా రోగుల వివరములను క్రోడీకరించి 2014లో ప్రకటించిన పరిశీలనలో, శస్త్రచికిత్స పిమ్మట నూటికి 81 మంది ఏదో యొక ఆటకు మరలిరి. మునుపటి స్థాయికి చేరినవారు 65 మంది. పోటీల ఆటకు తిరిగి వచ్చినవారు 55 మంది మాత్రమే. నార్వే, అమెరికా దేశముల పరిశోధకులు జరిపి 2016లో వెలువరించిన మరియొక అధ్యయనమున, తొమ్మిది నెలలు నిండువరకు ఆటకు పోవుటను వాయిదా వేసిన ప్రతి నెలకును, మరల గాయపడు ప్రమాదము దాదాపు సగమునకు తగ్గుచున్నట్లు తేలినది. సగము! ఈ మేలునకు ఏ పరికరమును కొననక్కర లేదు. ఓర్పును, ఆ ఓర్పును నేర్పు మనిషియు నుండిన చాలును.

స్వీడను దేశపు పరిశోధన యింకను ఆలోచింపజేయునది. ఏసీఎల్ తెగిన 121 మంది యువజనులను రెండు పక్షములుగా విభజించి, ఒక పక్షమునకు వెంటనే శస్త్రచికిత్సయు వ్యాయామ శిక్షణయు, రెండవ పక్షమునకు ముందు శిక్షణ మాత్రమే యిచ్చి, అవసరమైనవారికే పిమ్మట శస్త్రచికిత్స చేసిరి. రెండేండ్లకు ఉభయుల మోకాళ్ళ స్థితిలోను చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అయిదేండ్లకు చూచినను రెండవ పక్షమున సుమారు సగముమందికి శస్త్రచికిత్స అవసరమే పడలేదు. దీనిని పట్టుకొని శస్త్రచికిత్స వ్యర్థమనుట అవివేకము. అక్కడి శిక్షణ యనునది కాగితముపై మాట గాక, నిపుణుల కనుసన్నలలో నెలల తరబడి క్రమముగా సాగిన అభ్యాసమని గుర్తింపవలయును. ఆ శిక్షణ లేనిచోట, కత్తి పట్టినను పట్టకున్నను, ఆ ఫలితములను మనము ఆశింప వలనుపడదు.

ఇక మన పథకముల సంగతి. 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ, పేదవానికి పెద్దాసుపత్రి తలుపు తెరచినది. దాని ఉపకారమును తెలుగు దేశమున ఎరుగని కుటుంబము లేదు. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకమును అట్టిదే. కాని ఈ పథకములలో సొమ్ము చెల్లించు విధానము ‘ప్యాకేజీ’. శస్త్రచికిత్స పేర ఒక మొత్తము. ఆయుష్మాన్ భారత్ లో ఆసుపత్రి విడిచిన పిమ్మట కర్చులకు గడువు 15 దినములు. పదునైదు దినములనగా కుట్లు విప్పు వేళ. మోకాలికి అసలు పని అప్పుడే ఆరంభమగును. తొమ్మిది నెలలలో మిగిలిన ఎనిమిదిన్నర నెలలు రోగి అదృష్టమునకు విడువబడినవి. ఆరోగ్యశ్రీలో కొన్ని చికిత్సలకు ఏడాదిపాటు అనుసరణ సేవలును మందులును ఇచ్చు సంప్రదాయము ఇదివరకే యున్నది గదా! సూత్రమును ఒప్పుకొన్న ప్రభుత్వమునకు దానిని మోకాలి వరకు విస్తరించుట కష్టము కారాదు.

ఇక రక్తపోటు మాట. ఆ కబడ్డీ కుర్రవాని యింటనే, అతని నాయనమ్మ బీపీ మనిషి. ఆమె బిళ్ళలు దేవుడి గూటిలో, విభూతి పెట్టె ప్రక్కన నుండును. ఒకనాడు చూపుమనగా ఆమె తీసి యిచ్చినది మూడు స్ట్రిప్పు ముక్కలు. మందుల దుకాణమువారు ఆమె యిచ్చిన డబ్బుకు సరిపడ కత్తిరించి యిచ్చినవి. కత్తిరింపులో ఒకదానిపై మందు పేరు సగము పోయినది; ఇంకొకదానిపై గడువు తేదీ పూర్తిగా పోయినది. తెల్లనివి బీపీవి, పసుపువి మోకాళ్ళ నొప్పులవి అని ఆమె రంగును బట్టి గుర్తు పెట్టుకొన్నది. కిందటి నెల సర్కారు ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ బిళ్ళ రంగు మారుటచే, ఇది నాది కాదేమో యని పదిరోజులు వేసికొనుట మానినది. ఏకాదశులు, కార్తీక సోమవారములు ఉపవాసము గనుక ఆనాడు బిళ్ళ లేదు. పాదములు వాచినవని ఒకమారు మానినది. ఆమ్లోడిపిన్ అను మందు కొందరికి పాదముల వాపు తెచ్చుననియు, వైద్యునితో చెప్పిన మందు మార్చుననియు ఆమెకెవరును చెప్పలేదు. “బీపీ నార్మల్‌కి వచ్చింది, ఇంకెందుకూ?” అని ఇంకొకమారు మానినది. ఇన్నిటికి మించి, మోకాళ్ళ నొప్పులకై డాక్టరు చీటీ లేకయే కొని మ్రింగుచున్న ఆ పసుపు బిళ్ళ వంటి నొప్పి మందులు రక్తపోటును పెంచును, బీపీ మందు శక్తిని తగ్గించును, మూత్రపిండములకును చేటు. ఒక చేత దించుచున్నదానిని రెండవ చేత ఎక్కించుచున్న సంగతి ఆ యింట ఎవ్వరికిని తెలియదు.

ఈమెను ‘మాట వినని రోగి’ యని నిందించుట సులభము. నేనట్లనజాలను. ఆమె చేసిన ప్రతి పనికిని ఆమెకు తెలిసినంతలో ఒక కారణమున్నది. నొప్పి లేని వ్యాధికి నిత్యమును మందు తినుట, ఈనాడు మానినను ఈనాడేమియు కాకపోవుట: మనుష్య స్వభావమునకు ఇంతకంటె కఠినమైన నియమము లేదు. ఏమైనను అగుట ఒకేసారి యగును. నోరు వంకరపోయి, కాలు చేయి పడిపోయి, పక్షవాతమను పేర. అప్పుడు మనము అంబులెన్సు పంపుదుము, ఐసీయూ పడక ఇత్తుము, దాని కర్చు పథకములో చేర్చుదుము. నెలకు కొద్ది రూపాయల బిళ్ళతో ఆగిపోగల ఆపదకు లక్షలు వెచ్చించుదుము.

ఆ బిళ్ళలు పనిచేయునా యని సందేహింపబనిలేదు. మన సర్పగంధ మూలిక ఇందు తొలి మెట్లలో ఒకటి; బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో దానిపై తన అనుభవమును బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించి ప్రపంచము దృష్టిని దానివైపు మరల్చెను. దానినుండి తీసిన రెసర్పిన్, మరి రెండు మందులతో కలిసి, అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన ప్రసిద్ధ పరిశోధనలో ఉపయోగపడినది. 1967లో వెలువడిన ఆ ఫలితములలో, తీవ్రమైన రక్తపోటు గల 143 మందిలో, ఉత్తుత్తి బిళ్ళలు పుచ్చుకొన్న పక్షమున 27 మందికి ఘోరమైన ఉపద్రవములు సంభవింపగా, మందు పుచ్చుకొన్న పక్షమున సంభవించినది ఇద్దరికే. ఇందొక విశేషమున్నది, దానిని తమరు మనసున నిలుపుకొందురు గాక. ఆ పరిశోధకులు మందు ఇచ్చుటకు ముందు, రోగులకు రిబోఫ్లేవిన్ కలిపిన ఉత్తుత్తి బిళ్ళలిచ్చి, మూత్రము వెలుగును పరీక్షించి, మిగిలిన బిళ్ళలను లెక్కపెట్టి, తప్పక వేసికొనువారినే పరిశోధనలో చేర్చుకొనిరి. అనగా ఆ అద్భుత ఫలితము బిళ్ళ వ్రాసియిచ్చినందువలన వచ్చినది కాదు, బిళ్ళ కడుపులో పడినందువలన వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించిన నివేదికలో, సంపన్న దేశములలో సైతము దీర్ఘవ్యాధుల మందులను నియమముగా వాడువారు సగటున సగముమందే యని తేల్చినది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము (ఇది 2023లో వెలువడినది) మన దేశపు వయోజనులలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు గలవారు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో సమస్య పరిమాణము తెలియును.

వైద్యుడు రోగి నడుగు తీరును గూర్చి యొక మాట. “బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నావా?” అని గద్దించి యడిగిన, “ఆ, వేసుకుంటున్నానండీ” అను జవాబు తప్ప వేరొకటి రాదు. అది నమ్మి, పోటు దిగలేదు గనుక మోతాదు పెంచుదురు. కొత్త మందు చేర్చుదురు. మానిన బిళ్ళల సంఖ్య మరింత పెరుగును. “అమ్మా, పోయిన వారంలో ఎన్ని రోజులు వేసుకోవడం కుదరలేదు?” అని యడిగిన, నిజము చెప్పుటకు దారి దొరకును. ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, గ్రామ ఆరోగ్య కేంద్రపు నర్సుకు ఈ ఒక్క ప్రశ్నను నేర్పుటకు ఎంత కర్చగును?

మందును రోగి చెంతకు చేర్చు విషయమున తెలుగునేల వెనుకబడి లేదు. ఉమ్మడి రాష్ట్రములో, నెలకొకసారి ఊరికి వచ్చు 104 బండి కొరకు చెట్టు క్రింద బీపీ, షుగరు రోగులు బారులు తీరుట నాకు కన్నులకు కట్టినట్లున్నది. మందు మనిషి వద్దకు పోవలయునన్న తత్త్వమును ఆ బండి మనకు నేర్పినది. 2017 నవంబరులో ఆరంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమమునకు తొలుత ఎన్నికైన అయిదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. ఆ కార్యక్రమపు సారము సరళము: ఎల్లరకును ఒకే విధమైన సులభమైన చికిత్సా క్రమము, మందులు ఎన్నడును నిండుకొనకుండ నిల్వ, ఇంటికి దగ్గరగా నర్సుల ద్వారా సేవ, రోగి పేరిట ఒక కార్డు, రాని రోగికి ఫోను. అన్నిటికంటె ముఖ్యముగా, అది లెక్కించునది పరీక్షింపబడినవారిని గాదు. పేరు నమోదైనవారిలో ఎందరి పోటు కడపటి మారు వచ్చినపుడు 140/90 కంటె తక్కువగా నున్నదో, ఎందరు అసలు రాకయే పోయిరో దానిని. ఇదియే నిజమైన లెక్క. ఏ అధికారియు ఈ అంకెకు అలంకారములు తొడుగలేడు.

కావున నా మనవి. రక్తపోటు రోగులకు సర్కారు ఆసుపత్రులలో పది, పదునైదు రోజులకు గాక, పోటు అదుపులో నున్నవారికి రెండు మూడు నెలలకు సరిపడ మందు ఒకేసారి ఇప్పింపుడు; కూలి పోగొట్టుకొని క్యూలో నిలుచుటకంటె బిళ్ళ మానుటయే లాభమని తోచు పరిస్థితిని పేదవానికి కల్పింపకుడు. బిళ్ళ రంగు, పెట్టె మారినపుడు ఆ సంగతి నోటితో చెప్పి, పెద్ద తెలుగు అక్షరములలో వ్రాసి యిచ్చు బాధ్యతను ఫార్మసిస్టుకు అప్పగింపుడు. నొప్పి మందులు చీటీ లేకుండ అమ్ముటపై ఉన్న నిబంధనలను అమలుపరుపుడు. మోకాలి శస్త్రచికిత్సలకు, ఇప్పుడు ఒక్కమారుగా చెల్లించు మొత్తములో కొంత భాగమును నిలిపి, రోగి ఫిజియోథెరపీ పూర్తి చేసిన పిమ్మట, ఆసుపత్రి తొమ్మిదవ నెలలోను ఏడాదికిని అతనిని పిలిపించి పరీక్షించిన పిమ్మట చెల్లింపుడు. కాలు పూర్తిగా చాచగలడా, తొడబలము రెండవ కాలితో సరిపోలుచున్నదా, తన పనికి మరలెనా: ఈ మూడింటికి జవాబులు వ్రాసిన కాగితము లేనిదే ఆ చికిత్స ముగిసినట్లు పరిగణింపవలదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఫిజియోథెరపిస్టును నియమించుట ఇప్పటికిప్పుడు సాధ్యపడకపోవచ్చును. రెండు మూడు మండలములకు ఒకరిని, వారములో నిర్ణీత దినములందు వచ్చునట్లు ఏర్పరచుట సాధ్యమే. మన విశ్వవిద్యాలయములనుండి ఏటేట పట్టము పుచ్చుకొను ఫిజియోథెరపీ యువతీయువకులకు ఇది ఉపాధి. 2021లో పార్లమెంటు చేసిన చట్టము వారి వృత్తికి గౌరవమును కల్పించినది, దానికి తగిన పనిని కల్పించుట తమ వంతు.

ఏటేట మే 17న ప్రపంచ రక్తపోటు దినమని ర్యాలీలు, బ్యానర్లు, ఉచిత పరీక్షల శిబిరములు జరుగుచున్నవి. 2023లో అదే దినమున కేంద్ర ప్రభుత్వము ఏడున్నర కోట్లమంది బీపీ, షుగరు రోగులను ప్రామాణిక చికిత్సకు తేవలెనని లక్ష్యము ప్రకటించినది. రాబోవు మే 17న తమరు వేదికనుండి ఎంతమందిని పరీక్షించితిమన్న అంకెను చదువవలదని నా ప్రార్థన. జిల్లాలవారీగా, నిరుడు నమోదైన రోగులలో ఎందరి పోటు నేడు అదుపులో నున్నదో, నిరుడు ప్రభుత్వ సొమ్ముతో మోకాలి లిగమెంటు శస్త్రచికిత్స జరిగినవారిలో ఎందరు తమ పనికి, తమ ఆటకు మరలిరో, ఆ రెండంకెలను, అవి ఎంత తక్కువగా నున్నను, ఉన్నవున్నట్లుగా ప్రజల ముందుంచ గోరుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక పౌరుడు